మెరుపు లేని లాడం

మార్చి 2

ఈ పుస్తకం గొప్పలు చెప్పుకోవడానికి కొన్నాను. బయట చెప్పుకుంటే దిష్టి తగులుతుందని అత్తయ్య ఒప్పుకోదు. మా ఆయన కొర్రాడోకి చెబుదామంటే నేను అసలు సంగతికి వచ్చేసరికి గురక పెడుతుంటాడు. కాబట్టి ఇక్కడ, ఎవరూ అడ్డు తగలకుండా, మొదటినుంచీ చెప్పుకుంటాను.

నా బోర్డులు తయారయ్యాయి.

రొయ్యల వల నోరు మూసుకుపోకుండా చెరో పక్కకీ లాగి పట్టేవి రెండు బోర్డులు. మా నాన్న కాలం నుంచీ అవి ఒకటే తీరు. తలుపంత చెక్క, కింద ఇనుప లాడం, ఏటవాలుగా నేలని దున్నుకుంటూ పోవడం. గంపెడు రొయ్యల కోసం సముద్రపు అడుగంతా తిరగేసి, స్పాంజీలూ గవ్వలూ పాచీ అన్నీ పెకలించి పైకి తేవడం, చచ్చాక వాటిని మళ్ళీ నీళ్ళలో పారబోయడం. కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే. నా బోర్డుకి లాడం వంకర తిరగకుండా నేరుగా సాగుతుంది. వల నోరు తెరిచే పని పైనున్న రెక్కది. రెక్క దళసరి గుడ్డతో చేశాను, నేలతో పని లేకుండా నీళ్ళనే పట్టుకుంటుంది. బరువు పాతదాంట్లో సగం లేదు. యూనివర్సిటీ నుంచి వచ్చే హెట్టీ లెక్కలు కట్టింది, నేను కోసి, కుట్టి, వెల్డింగ్ చేశాను. ఆ పిల్ల లెక్క ఒక్కటీ తప్పలేదు, నా కుట్టు ఒక్కటీ ఊడలేదు. మూడు చలికాలాలు పట్టింది.

ఏప్రిల్ 26న పడవల వాళ్ళందరి మీటింగు. తోట సంగతి ఆ రోజు తేలుతుంది. అడుగున స్పాంజీలు అంత ఒత్తుగా ఉంటాయని ఆ నేలని మేం తోట అంటాం. పాత బోర్డులతో ఇక అక్కడ వల వేయకూడదని అందరూ ఒప్పుకున్నారు. నా బోర్డులు నేలని దున్నకుండా రొయ్యని పట్టగలిగితే తోట తెరిచే ఉంటుంది, లోపలికి వెళ్ళే ప్రతి పడవా నా బోర్డులే కడుతుంది. పట్టలేకపోతే తోట చుట్టూ శాశ్వతంగా గీత గీసేస్తారు. నా బోర్డులు షెడ్డు వెనక కోళ్ళగూటికి గోడలవుతాయి.

పట్టగలవు. నాకు అనుమానం లేదు.

మార్చి 4

కొర్రాడో రేపు మా పడవ ‘స్తెల్లా’ మీద బయలుదేరుతున్నాడు. రొయ్య చీకట్లోనే ఇసకలోంచి పైకి లేస్తుంది, అందుకే ఈ ఊళ్ళో కాపరాలన్నీ అమావాస్య చుట్టూ తిరుగుతాయి. పది రోజులు ఇల్లు నాదీ అత్తయ్యదీ.

మధ్యాహ్నం రెండు లాడాల అడుగునా నీలం రంగు వేశాను. లాడం కింద రంగు ఎవరు చూడాలి, చేపలా అని కొర్రాడో నవ్వాడు. నేను చూడాలి. తిరిగి వచ్చేసరికి రంగు మిగిలి ఉంటే నేలని ఒరుసుకోలేదని అర్థం.

మా వాళ్ళకి మెరుపే సాక్ష్యం. ఈడ్పు అయిపోయి బోర్డులు పైకి రాగానే పడవ నడిపే ప్రతి సరంగూ వంగి లాడం చూస్తాడు. అద్దంలా మెరుస్తుంటే వల నేల మీద నడిచినట్టు. మెరుపు లేకపోతే వల నీళ్ళలో తేలిపోయినట్టు, రాత్రంతా డీజిలు దండగ. మా నాన్న ఆ మెరుపులో మొహం చూసుకుని మీసం దువ్వుకునేవాడు. నా బోర్డుకి ఆ మెరుపు రాకూడదు. ఇది కొర్రాడోకి విడమరిచి చెప్పాను. బోర్డు తేలిక కాబట్టి ఇనుప తాడు ఎప్పటికన్నా ఇరవై బారలు ఎక్కువ వదలాలని కూడా చెప్పాను. సరే సరే అన్నాడు, పాస్తా తింటూ. సాస్‌లో ఉప్పు సరిపోయిందని నేను అంటూండగానే, రుచి చూడకుండా పైనుంచి ఇంకో చిటికెడు వేసుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇంతే.

మార్చి 6

మొదటి రాత్రి. పట్టు పలుచన. గాలి అలా ఉంది మరి.

మార్చి 8

నేను చెప్పలేదూ!

పొద్దున రేడియో పెట్టుకుని అత్తయ్యా నేనూ కాఫీ గిన్నె చల్లారిపోయేదాకా విన్నాం. స్తెల్లాకి పాత బోర్డుల పడవలతో సమానంగా పడింది. కొర్రాడో గొంతులో మాత్రం సంతోషం లేదు. నిద్ర లేక అయివుంటుంది.

రేడియో దగ్గర మా వాళ్ళకి ఒక్కటే కట్టుబాటు. తెల్లారాక ఒక్కొక్క పడవా ఎక్కడ వేసింది, ఎంత పడింది, రొయ్య ఏ సైజు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ మాటల్ని బట్టే ఆ రాత్రికి ఎవరు ఎక్కడ వల వేయాలో ‘వాలరూ’ పడవ సరంగు డెస్ నిర్ణయిస్తాడు. వేరే ఊళ్ళలో పక్కవాడికి తెలియకుండా దాచుకుంటారట, ఇక్కడ దాచుకున్నవాడు చెడ్డాడు. మా చిన్నప్పుడు లూయీజీ అని ఒకతను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మంచి చోటు దొరికి లేదని చెప్పాడు. ఆ తర్వాత అతను రేడియోలో ఇక్కడ రొయ్య ఉంది రండి అని పిలిచినా ఒక్క పడవ కూడా చుక్కాని తిప్పలేదు. రెండేళ్ళకి పడవ అమ్ముకుని తమ్ముడి ద్రాక్షతోటకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఎక్కడ రొయ్య ఉందన్నా డెస్ ముందు అడిగేది కొర్రాడోనే. ఇది కూడా గొప్పల కిందికే వస్తుంది, రాసుకోవచ్చు.

మార్చి 16

స్తెల్లా వచ్చింది. లాడాల కింద నీలం రంగు లేదు. పూర్తిగా పోయింది.

రంగు చౌకరకం. ఆ కొట్టువాడి దగ్గర ఇంకెప్పుడూ కొనకూడదు.

మార్చి 17

కొర్రాడో మారిపోయాడు. నిన్న జెట్టీ మీద అందరి ముందూ నా బోర్డులని పొగిడాడు, ఎవరూ అడక్కుండానే. నా వంటని కూడా ఇన్నేళ్ళలో అలా పొగడలేదు. పడవ వెనక భాగం తనే కడుక్కున్నాడు, కలాసీలకి కూడా వదల్లేదు. నేను బోర్డులు దగ్గరనుంచి చూద్దామని ఎక్కబోతే, తడిగా ఉంది జారతావంటూ చేయి పట్టుకుని మరీ దింపాడు. ఈ వయసులో చేయి పట్టుకోవడం! పక్క పడవ వాళ్ళు ఈల వేశారు.

అత్తయ్యకి చెప్పి మురిసిపోయాను. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, టమాటాలు చిదుముతూ నా వైపు చూసి, "మగాడు ఊరికే చేయి పట్టుకోడే కోడలా," అంది. తన మొగుడు పట్టుకోలేదని కుళ్ళు.

ఏప్రిల్ 3

కొత్త రంగు, ఓడలకి వేసేది, రెండు పూతలు. రేపు ప్రయాణం. తాడు సంగతి మళ్ళీ గుర్తుచేశాను. గుర్తుందన్నాడు.

ఈసారి స్తెల్లా వెనకాల చిన్న పడవలో హెట్టీ కూడా వెళ్తుంది. మేం ఈడ్చిన దారిలోనే నీళ్ళడుగున కెమెరా లాగి చూస్తుంది. ఆ బొమ్మలే మీటింగులో చూపిస్తుంది. చూపించనీ. ఎక్కడ ఈడ్చామో గుర్తుపట్టడానికే దానికి తలప్రాణం తోకకి రావాలి.

ఏప్రిల్ 9

పట్టు బాగుంది.

ఏప్రిల్ 15

రంగు పోయింది. ఇసక. తోటలో ఇసక గరుకు, నాన్న ఎప్పుడూ అనేవాడు. అనేవాడనే గుర్తు.

ఏప్రిల్ 17

హెట్టీ షెడ్డుకి వచ్చి బొమ్మలు చూపించింది. ముందు కాఫీ తాగమన్నాను, ముందు చూడండి అంది.

నేల మీద రెండు చాళ్ళు. నాగలి వేసినట్టు, చూపు పోయినంత మేరా. చాలు పక్కన ఒక స్పాంజీ, మా అత్తయ్య గుమ్మం దగ్గరి పూలకుండీ అంత ఉంది, మొదలంటా విరిగి పక్కకి పడి ఉంది. అది బతికి ఉన్నప్పుడు నారింజ రంగులో ఉంటుందట.

కెమెరా అద్దం వంకరేమో అన్నాను. కాదంది, మర్యాదగానే. పాత బోర్డుల చాళ్ళేమో అన్నాను. అవి ఈపాటికి పూడిపోయి అంచులు మెత్తబడి ఉండేవంది. తన లెక్కల్లో ఎక్కడైనా పొరపాటు ఉందేమోనని రెండు రాత్రులు తిరగేసిందట, దొరకలేదట. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇది తన బోర్డు కూడా.

తర్వాత అడిగింది. "నుంజియా, బోర్డులకి ఇంకేమైనా బరువు తగిలించారా?"

"పడవ నడిపింది నా మొగుడమ్మాయ్," అన్నాను.

నా గొంతు గట్టిగా వచ్చి ఉండాలి. క్షమించమని అడిగి, బొమ్మలు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. ఆడలేక మద్దెల ఓడంటారు ఈ చదువుకున్నవాళ్ళు.

ఏప్రిల్ 18

రంగు చౌకరకం. రెండోసారి ఇసక. కెమెరా.

ఏప్రిల్ 19

కాఫీ గిన్నె తోమడానికి తెద్దామని స్తెల్లా ఎక్కాను. కొర్రాడో ఇంట్లో పడుకున్నాడు. గిన్నె మూత కనిపించలేదు, కలాసీలు ఎక్కడ పడితే అక్కడ పెడతారు, వెతుకుతూ వెనక ఉన్న గొలుసుల పెట్టె తీశాను. అన్నీ తుప్పు పట్టి ఉన్నాయి, ఉండాలి కూడా. ఊరికే పడి ఉన్న గొలుసు వారంలో ఎర్రబడుతుంది.

వాటి కింద గోనెసంచిలో రెండు గొలుసులు. లావువి. వెండి చెంచాల్లా మెరుస్తున్నాయి.

ఈ రోజు ఇంకేం రాయను.

ఏప్రిల్ 20

ఆలివ్ కాయలు ఉప్పులో వేశాం.

ఏప్రిల్ 21

గొలుసు ఎవరు కట్టారని అడగక్కర్లేదు. చివర బిగించిన తీగ ఎడమవైపుకి మెలితిప్పి ఉంది. ఈ పడవల్లో ఎడమచేత్తో తీగ మెలిపెట్టేది ఒక్కడే. మా పెళ్ళినాడు సంతకం కూడా ఆ చేత్తోనే పెట్టాడు.

రాత్రి భోజనం దగ్గర రెంటినీ బల్ల మీద పెట్టాను. అత్తయ్య రొట్టె బుట్ట పక్కకి జరిపి గొలుసులకి చోటిచ్చింది.

కొర్రాడో బుకాయించలేదు. దానికి మాత్రం మెచ్చుకోవాలి. మొదటి రాత్రి బోర్డులు పైకి వచ్చినప్పుడు లాడం మీద మెరుపు లేదట. పట్టు కూడా లేదు. నలభై ఏళ్ళుగా మెరుపు చూసి బతికిన మనిషాయె. తెల్లారితే రేడియోలో చెప్పాలి, అందరూ వింటారు, నుంజియా బోర్డులు నీళ్ళలో గాలిపటాలయ్యాయని జెట్టీ అంతా నవ్వుతుంది. ఒక్క రాత్రికి బరువు కడదామనుకున్నాడు. మర్నాడు మెరుపు వచ్చింది, రొయ్యా వచ్చింది. ఇక తీయడానికి ధైర్యం చాలలేదు. రేవులోకి వచ్చేముందు విప్పి దాచేవాడు.

"అంటే నా మీద నమ్మకం లేదన్నమాట," అన్నాను.

"నీ మీద ఉందే. మెరవని ఇనుము మీద లేదు."

"తాడు ఎంత వదిలావు?"

నీళ్ళు తాగాడు. మళ్ళీ అడిగాను. ఎప్పుడూ వదిలినంతే అన్నాడు. ఇరవై బారలు ఎక్కువ వదిలితే తాడు బరువుకే బోర్డు నేలని అంటి సాగేది, మెరుపు రాకపోయినా వల నేల మీదే ఉండేది. రెండుసార్లు చెప్పాను. పాస్తా తింటుంటే చెప్పాను, పెయింటు వేస్తూ చెప్పాను. గుర్తుందన్న మనిషి చేతికి అలవాటైనంతే వదిలి, పలుచన పడిందని గొలుసు కట్టాడు. నాకు ఏడుపు వచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు, ముక్కు కూడా చీదుకోనివ్వదు.

అత్తయ్య రొట్టె తుంచుకుంటూ, "వాడు రుచి చూడకుండా ఉప్పేస్తాడని నీకు తెలియదా? గిన్నె వాడి ముందు పెట్టి నువ్వు వెనక్కి తిరిగావు," అంది.

పెద్దావిడ, ఒక్కోసారి గిన్నెతో కొట్టాలనిపిస్తుంది.

ఏప్రిల్ 24

మాటల్లేవు. అతను షెడ్డులో, నేను ఇంట్లో. నేను షెడ్డుకి వెళ్తే అతను ఇంట్లోకి.

గొలుసు తీసుకెళ్ళి మీటింగులో బల్ల మీద పెడితే ఒక్క నిమిషం పని. నా బోర్డులు బతుకుతాయి. కానీ రెండు నెలలు రేడియోలో అబద్ధం చెప్పినట్టే కదా కొర్రాడో. ఆ కొత్త బోర్డులతో ఇంత పడింది అని రోజూ చెప్పాడు. అందరూ నమ్మారు. అది బయటపడితే లూయీజీకీ ఇతనికీ తేడా ఏముంది? అరవై ఏళ్ళు దాటాక ద్రాక్షలు కోయడానికి వెళ్తాడా? ద్రాక్షలంటే ఇతనికి ఒళ్ళంతా దద్దుర్లు కూడానూ.

చెప్పకపోతే మూడు చలికాలాలు పోయినట్టు. హెట్టీవి కూడా పోయినట్టు.

పెట్టేస్తాను. నిశ్చయించుకున్నాను. తప్పు చేసిందెవరు, నేనా?

ఏప్రిల్ 26

సంచిలో గొలుసు పెట్టుకునే వెళ్ళాను. కూర్చుంటుంటే గలగలమంది. పక్కనున్నావిడ సీసాలు తెచ్చావా అని అడిగింది, అవునన్నాను.

హెట్టీ బొమ్మలు చూపించింది. వంకర మాట ఒక్కటి లేదు, ఉన్నది చూపించి, ఎందుకిలా అయిందో తనకి అర్థం కాలేదని ఒప్పుకుంది. నవ్వుతారనుకున్నాను, ఎవరూ నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. డెస్ లేచి మంచి ప్రయత్నం నుంజియా అన్నాడు, పెళ్ళి తప్పిపోయిన పిల్లని ఓదార్చినట్టు. ఇక తోటకి గీత గీయడానికి చేతులెత్తమనబోతున్నాడు.

నేను లేచాను. సంచి చేతిలోకి తీసుకున్నాను. కొర్రాడో నా ఎదురు వరసలో కూర్చున్నాడు. తల వంచుకోలేదు, నా సంచి వైపు చూసి నా వైపు చూశాడు. నాకు తెలుసు, నేను బయటికి తీసి ఉంటే నాదే అని ఒప్పుకునేవాడు. ఆపడానికి ఒక వేలు కూడా కదపలేదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అన్నారా. సంచి మళ్ళీ కింద పెట్టాను.

"ఇంకొక్క అమావాస్య ఇవ్వండి. ఈసారి పడవ మీద నేనుంటాను. ఇనుప తాడు వదిలే వించి దగ్గర నేనే నిలబడతాను," అన్నాను.

ఎందుకన్నాడు డెస్. ఈసారి ఏం మారుతుందన్నాడు. నేను వించి దగ్గర ఉంటాను, అదే మారుతుందన్నాను. వెనకనుంచి ఎవరో మొగుడికి తాడు వదలడం కూడా నేర్పుతుందట అని గొణిగారు. అవును, నేర్పుతానన్నాను. అప్పుడు నవ్వారు, అందరూ, కొర్రాడో తప్ప. ఇచ్చారు.

హెట్టీ తలుపు దగ్గర ఆగి నా సంచి వైపు చూసింది. ఆ పిల్లకి తెలుసు. తలుపు నాకోసం తెరిచి పట్టుకుంది.

ఏప్రిల్ 27

గొలుసుల్ని షెడ్డు ముందు వానలో పారేశాను. తుప్పు పట్టనీ.

మే 4

మళ్ళీ నీలం రంగు. మొదటిసారి వేసిన చౌకరకమే కావాలని కొన్నాను. మంచి రంగు వేసి రంగు బలమని ఎవరితోనూ అనిపించుకోను.

అత్తయ్య గుమ్మందాకా వచ్చి నాకొక మాట చెప్పింది, కొర్రాడోకి ఒకటి. నాకు చెప్పింది చలికోటు మర్చిపోవద్దని. అతనికేం చెప్పిందో అతను చెప్పడం లేదు.

మే 6, స్తెల్లా వంటగదిలో

నిన్న సాయంత్రం తోట మీదికి చేరాం. వల దించాక ఇనుప తాడు నేనే వదిలాను. కొర్రాడో చుక్కాని దగ్గర ఉన్నాడు. ఎప్పుడూ ఆగే గుర్తు దగ్గరికి రాగానే అతని చేయి బ్రేకు కోసం గాల్లోకి లేచింది, బ్రేకు నా దగ్గర ఉందని తెలిసి కూడా. ఇంకా ఇంకా వదిలాను. పోతున్న తాడుని చూస్తూ అతను బారలు పైకే లెక్కపెట్టుకున్నాడు. నాకు జాలి వేయలేదు. కొంచెం వేసింది.

రాత్రంతా ఈడ్చాం. పైకి తీసిన ప్రతిసారీ చీకట్లో లాంతరు వెలుగులో చూస్తే సరిగా కనపడదని లాడాల జోలికి పోలేదు. నిజం చెప్పాలంటే భయం వేసింది. నాకు! చివరి ఈడ్పు తెల్లారుతుండగా లేపాం. బోర్డు నీళ్ళలోంచి వచ్చి పడవ పక్కకి తగులుకుంది. కొర్రాడో వంగాడు. నేనూ వంగాను. ఇద్దరి తలలూ కొట్టుకున్నాయి.

మెరుపు లేదు. లాడం వెనక అంచు దగ్గర నాలుగు వేళ్ళ మేర ఒరుసుకుపోయింది, మిగతాదంతా నీలం. చౌకరకం నీలం.

కొర్రాడో బొటనవేలితో ఆ రంగుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా రుద్దాడు, లేదన్న మెరుపు ఎక్కడైనా దొరుకుతుందేమో అన్నట్టు. అప్పుడే కలాసీలు వల సంచి ముడి విప్పారు. రొయ్యలు డెక్కు నిండా జారాయి. పాత బోర్డులకన్నా ఎక్కువా అంటే కాదు, ఎక్కువని రాసుకోవాలని ఉంది కానీ కాదు. ఓ పిడికెడు తక్కువే. అయితే శుభ్రంగా ఉన్నాయి. స్పాంజీ ముక్కలు లేవు, పగిలిన గవ్వలు లేవు, ఒక్క రొయ్య తల కూడా చితకలేదు. అతను ఒక రొయ్యని తీసి ఎంతసేపు చూశాడంటే అది అతని వేలుని పొడిచి పారిపోయింది.

"ఇది గొలుసు లేకుండా పట్టిందా?" అన్నాడు. వించి దగ్గరున్నది నేనే అయినా అడిగాడు.

"రుచి చూడు ముందు," అన్నాను.

తర్వాత పొద్దుటి రేడియో. ఒక్కొక్క పడవా చెబుతోంది. స్తెల్లా వంతు వచ్చింది. కొర్రాడో ఎక్కడ వేశామో, ఎంత పడిందో, ఏ సైజో చెప్పాడు. మైకు బటను వదల్లేదు.

"ఇంకో మాట. మార్చిలోనూ ఏప్రిల్లోనూ ఆ బోర్డులకి నేను గొలుసులు కట్టాను. నుంజియాకి తెలియదు. హెట్టీకి తెలియదు. ఆ చాళ్ళు నా గొలుసులవి."

నేను వద్దనలేదు. చెప్పమనీ అనలేదు. ఇది నేను ఎవరికైనా ప్రమాణం చేసి చెబుతాను. అత్తయ్య గుమ్మంలో చెప్పింది ఇదేనా అని తర్వాత అడిగితే, కాదు, తనకీ చలికోటు సంగతే చెప్పిందన్నాడు.

డెస్ మళ్ళీ చెప్పమన్నాడు, కోపంగా కాదు, సరిగా వినపడనివాడిలా. కొర్రాడో మళ్ళీ చెప్పాడు, ఒక్క అక్షరం మార్చకుండా. తర్వాత డెస్ తర్వాతి పడవ పేరు పిలిచాడు. ఆ పడవ తన లెక్క చెప్పింది. అంతే.

మే 6, సాయంత్రం

హెట్టీ పగలంతా మా దారిలో కెమెరా లాగి, మూడు గంటలప్పుడు చిన్న పడవ మా పక్కకి తెచ్చి కట్టింది. ఎక్కుతూనే నన్ను పట్టుకుని ఏడ్చేసింది. బొమ్మల్లో నేల మీద రెండు సన్నని గీతలు, వేలితో రాసినట్టు, అంతే. వాటి మధ్య స్పాంజీలు నిలబడి ఉన్నాయి. ఆ నారింజ రంగు నేను ఎప్పుడూ చూడలేదు. పైకి వచ్చేసరికి అవెప్పుడూ చచ్చి బూడిదరంగులో ఉండేవి. నేను పుట్టినప్పటినుంచీ మా ఇంటి అన్నం ఈ తోటదే, ఇది పూసి ఉండగా చూడటం ఇదే మొదటిసారి.

అయిదింటికి డెస్ అందరినీ రేడియో దగ్గరికి పిలిచాడు. హెట్టీ మా మైకులోంచే తను చూసింది చెప్పింది. తోటని మూసేయకుండా, నుంజియా బోర్డులు కట్టిన పడవల్ని మాత్రమే లోపలికి పంపడం సమ్మతమేనా అని డెస్ పడవ పడవనీ అడిగాడు. సమ్మతం. సమ్మతం. ఒకాయన తాడు పాఠం కూడా బోర్డులతోపాటు ఇస్తారా అన్నాడు. సమ్మతం. చివరిదాకా అన్నీ వచ్చాయి. నేను చెప్పలేదూ, నా బోర్డులు పట్టగలవని. మొదటిరోజే రాశాను, కావాలంటే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు.

స్తెల్లా పేరు మాత్రం డెస్ పిలవలేదు.

కొర్రాడో ఎదురుచూశాడు, మైకు చేతిలో పట్టుకుని. తర్వాత దాన్ని కొక్కేనికి తగిలించాడు. నేను పాస్తా వేడిచేసి పెట్టాను. ఉప్పు డబ్బా పక్కనే ఉంది. ఒక ముద్ద తిని, డబ్బా ముట్టుకోలేదు. సగం వదిలేశాడు.

చీకటి పడుతుండగా రాత్రికి ఎక్కడెక్కడ వేయాలన్న మాటలు మొదలయ్యాయి. ఏ పడవకీ మంచి చోటు తగల్లేదు. నిన్న చీకటి పడ్డాక, తోటలో వల దించేముందు, దక్షిణం అంచు బయట కొర్రాడో చిన్న వల వేసి చూశాడు. పెద్ద రొయ్య, దట్టంగా. అక్కడ పాత బోర్డులవాళ్ళు కూడా వేయొచ్చు. పొద్దున చెప్పిన లెక్కలో అది కూడా ఉంది కానీ ఆ తర్వాత దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. డెస్ ఈ రాత్రి మమ్మల్ని అడగలేదు.

అడక్కపోయినా కొర్రాడో మైకు తీశాడు. "దక్షిణం అంచు బయట రొయ్య ఉంది. పెద్దది. చూసే చెబుతున్నాను," అన్నాడు. అంత మెల్లగా అతను మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

మేమిద్దరం బయటికి వచ్చి పడవ అంచు కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. దూరంగా పడవల దీపాలు ఉత్తరానికి వరసగా పోతున్నాయి, వెనక దీపాలు మాత్రమే, తెల్లగా. హెట్టీ కూడా వచ్చి నా పక్కన నిలబడింది. నేను అతని చేయి పట్టుకోవాలనుకున్నాను. పట్టుకుంటే ఓడిపోయామని ఒప్పుకున్నట్టవుతుందని పట్టుకోలేదు. చలికోటు వేసుకోమన్నాను. వేసుకున్నాడు.

చాలాసేపటికి ఒక తెల్ల దీపం మసకబడి, దాని పక్కన ఎరుపొకటి కనిపించింది. పడవ తిరుగుతుంటే అలా కనిపిస్తుంది. తర్వాత ఎరుపూ ఆకుపచ్చా రెండూ సమానంగా, అంటే ముక్కు మా వైపే.

"ఎవరది?" అన్నాను.

కొర్రాడో ఆ దీపాలనే చూస్తున్నాడు. రేడియో చెప్పింది. డెస్. కొత్త బోర్డులు కట్టుకున్నాక తాడు ఎన్ని బారలు వదలాలో నుంజియాని అడిగి చెప్పమంటున్నాడు.